హిజ్కియా పాలన: పడమటి మండలాల వైపు నుంచి

హిజ్కియా క్రీ.పూ. 8వ శతాబ్ది చివర యూదా రాజ్యాన్ని ఏలిన రాజు. దావీదు వంశీకుడు. తండ్రి ఆహాజు, తర్వాత గద్దెనెక్కిన కొడుకు మనష్షే. ఇరవై అయిదో ఏట రాజై యెరూషలేములో 29 సంవత్సరాలు పాలించాడని బైబిలు లెక్క. అష్షూరు చక్రవర్తి సన్హెరీబు దండయాత్రను తట్టుకున్నవాడిగా, గిహోను ఊటను కొండ కడుపులోంచి నగరంలోకి మళ్లించినవాడిగా, చావుపడక మీద ఏడ్చి పదిహేనేళ్ల ఆయుష్షు పొందినవాడిగా తెలుగు క్రైస్తవులకు ఆయన బాగా తెలుసు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని యేసు వంశావళిలోనూ ఆయన పేరుంది.

ఈ వ్యాసం ఆ పాలనను మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేల మీద నిలబడి చూస్తుంది. పాత చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలని పిలిచే ఈ మిట్ట ప్రాంతం ఇంచుమించు యెరూషలేమంత ఎత్తులోనే ఉంది. అక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ చలికాలంలో. ఇక్కడ ఏడు వందల చుట్టుపట్ల. రెండు చోట్లా కింద గట్టి రాయి, పైన నమ్మలేని మబ్బు, ఏడాది పొడుగునా పారే ఏరు లేకపోవడం. మదనపల్లె పక్కన బాహుదా, కుప్పం పక్కన పాలారు ఇసుక పరుచుకుని పడుకునే నెలలే ఎక్కువ. ఇలాంటి చోట పుట్టినవాళ్లకు రాజంటే ముందు నీళ్లు తెచ్చినవాడా కాదా అన్న ప్రశ్న వస్తుంది. హిజ్కియా తెచ్చాడు. అయితే ఆ నీళ్లు గోడ లోపలి ఊరికి వచ్చాయి. గోడ బయటి ఊళ్ల సంగతి ఏమిటన్నది ఆ పాలనలో అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. ప్రసంగాల్లో ఎక్కువగా దాటిపోయేదీ అదే.

ఆధారాలు, కాలం

హిజ్కియా గురించి బైబిలులో మూడు చోట్ల పెద్ద కథనాలున్నాయి: రాజులు రెండవ గ్రంథం 18 నుంచి 20 అధ్యాయాలు, యెషయా 36 నుంచి 39, దినవృత్తాంతములు రెండవ గ్రంథం 29 నుంచి 32. మొదటి రెండూ చాలావరకు ఒకటే పాఠం. మూడోది తర్వాతి కాలపు రచన. దానికి ఆలయం, యాజకులు, పస్కా పండుగ ముఖ్యం. ఇవి కాక సామెతల గ్రంథం 25వ అధ్యాయం మొదట్లో ఒక చిన్న సమాచారం ఉంది: సొలొమోను సామెతల్లో కొన్నింటిని హిజ్కియా కొలువులోని లేఖకులు ఎత్తి రాశారట. అంటే ఆయన ఆస్థానంలో పాత మాటలను పోగుచేసే పని జరిగింది.

ప్రాచీన ఇశ్రాయేలు, యూదా రాజుల్లో బైబిలు బయట ఇంత సాక్ష్యం దొరికేవాళ్లు అరుదు. సన్హెరీబు మట్టి పట్టకాల మీద రాయించుకున్న విజయగాథలో హిజ్కియా పేరు స్పష్టంగా ఉంది. ఆ పట్టకాల ప్రతులు లండన్, షికాగో, యెరూషలేము మ్యూజియంలలో ఉన్నాయి. యెరూషలేములో ఆలయపు కొండ పక్కన జరిగిన తవ్వకాల్లో హిజ్కియా పేరు, ఆహాజు కుమారుడు, యూదా రాజు అన్న వివరాలున్న ఒక చిన్న మట్టిముద్ర బయటపడింది. పురావస్తు శాస్త్రవేత్త ఐలాత్ మజార్ దాన్ని 2015లో ప్రకటించారు. దాని మీద రెక్కలున్న సూర్యబింబం, పక్కన ఈజిప్టువారి జీవచిహ్నం ఉన్నాయి. విగ్రహాలను పగలగొట్టించిన రాజు సొంత ముద్ర మీద పరదేశపు బొమ్మలేమిటని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. రాజముద్రకు రాజకీయం ముఖ్యం, ఆనాటి రాజకీయంలో ఈజిప్టు గాలి బలంగా వీస్తోంది.

సంవత్సరాల దగ్గర మాత్రం చిక్కుంది. ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోను అష్షూరు చేతిలో కూలింది క్రీ.పూ. 722 ప్రాంతంలో. అది హిజ్కియా ఆరో ఏట జరిగిందని ఒక వచనం. సన్హెరీబు దండయాత్ర 701లో. అది పద్నాలుగో ఏట అని ఇంకో వచనం. ఈ రెండూ ఒకే లెక్కలో ఇమడవు. అందుకే కొందరు ఆయన పాలనను 727 నుంచి 698 దాకా అంటారు, ఇంకొందరు 715 నుంచి 687 దాకా అంటారు. ఏది పట్టుకున్నా 701 మాత్రం కదలదు, ఎందుకంటే అది అష్షూరు వాళ్ల లెక్కల నుంచి వచ్చిన సంవత్సరం.

కప్పం ఎగ్గొట్టిన చిన్న రాజు

ఆహాజు అష్షూరుకు కప్పం కట్టి గద్దె కాపాడుకున్నాడు. కొడుకు కొన్నాళ్లు అదే దారిలో నడిచి, 705లో సర్గోను చక్రవర్తి యుద్ధంలో చచ్చాక కప్పం ఆపేశాడు. పుంగనూరు, కంగుంది పాలెగాళ్ల చరిత్ర విన్నవాళ్లకు ఈ ఎత్తుగడ కొత్త కాదు. పై ప్రభువు మారినప్పుడు, బలం తగ్గిందని తోచినప్పుడు పేష్కష్ నిలిపెయ్యడం, కోట గోడ బాగుచేసుకోవడం, పక్కవాళ్లతో మంతనాలాడటం ఈ గుట్టల మధ్య తరతరాలుగా జరిగిన పనే. పై ప్రభువు నిజంగా బలహీనపడితే తిరుగుబాటు ఫలిస్తుంది. సన్హెరీబు బలహీనపడలేదు. హిజ్కియా అంచనా తప్పింది.

తిరుగుబాటుకు ముందు మాత్రం ఆయన ఒళ్లు దాచుకోలేదు. యెరూషలేము పడమటి కొండను కలుపుకుంటూ కొత్త గోడ లేపాడు. నహ్మాన్ అవిగద్ 1970లలో దాన్ని తవ్వి చూస్తే కొన్నిచోట్ల వెడల్పు ఏడు మీటర్లు తేలింది. ఆ గోడ పునాది కొన్ని ఇళ్లను కోసుకుంటూ వెళ్లింది. ప్రాకారం కోసం ఇళ్లు పడగొట్టారని యెషయా 22వ అధ్యాయం మందలించేది ఈ పనినేనని చాలామంది అంటారు. దేశమంతటా రాజముద్ర వేసిన పెద్ద జాడీలు వందల కొద్దీ దొరికాయి. వాటి మీద హెబ్రోను, శోకో, జీఫు వంటి నాలుగు పేర్లు కనిపిస్తాయి. నూనె, ద్రాక్షారసం, ధాన్యం ముందుగానే కొట్లకు చేర్చారన్నమాట. యుద్ధానికి సిద్ధపడుతున్న రాజ్యం ముందు పల్లెల గాదెల నుంచే తీసుకుంటుంది.

సొరంగం

గిహోను ఊట యెరూషలేము తూర్పు వాలులో, గోడకు దిగువన పుడుతుంది. ముట్టడి వస్తే శత్రువు ముందు దాన్నే పట్టుకుంటాడు. హిజ్కియా బయటి ఊటలను పూడ్పించాడని, అష్షూరు రాజు వచ్చి ఇక్కడ నీళ్లు తాగడమెందుకని జనమంతా ఆ పనిలో దిగారని దినవృత్తాంతములు చెబుతుంది. గిహోను నీటిని కొండ కిందుగా నగరం పడమటి వైపుకు తెచ్చాడని కూడా అదే గ్రంథం అంటుంది. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది. పొడవు 533 మీటర్లు. ఒక కొస నుంచి ఇంకో కొసకు వాలు ఇంచుమించు అడుగు మాత్రమే. చెరువు తూము దగ్గర నీళ్లు వదిలే నీరుగంటికి ఆ అడుగు విలువ తెలుస్తుంది. అంత పొడవున నీళ్లు నిలవకుండా, వెనక్కి తన్నకుండా పారాలంటే అర అడుగు తేడా వచ్చినా పని చెడుతుంది.

ఇంకా వింత ఏమిటంటే రెండు జట్లు రెండు కొసల నుంచి తవ్వుతూ మధ్యలో కలుసుకున్నాయి. సొరంగం తిన్నగా లేదు, పాము మెలికలా ఉంది. రాతిలో ముందే ఉన్న పగులు వెంట తవ్వుతూ పోయారని కొందరు, కొండ పైనుంచి సుత్తి దెబ్బల చప్పుడుతో దారి చూపారని ఇంకొందరు అన్నారు. కలుసుకున్న చోట గోడలో తడబడిన గాట్లు కనిపిస్తాయి. అటు ఇటు తవ్వి, చప్పుడు విని, దిక్కు సరిచేసుకున్న జాడలవి.

1880లో సిలోయము కోనేటి దగ్గర నీళ్లలో ఆడుకుంటున్న కుర్రాళ్ల కంట సొరంగం గోడ మీద ఒక రాత పడింది. ప్రాచీన హీబ్రూ లిపిలో ఆరు పంక్తులు. చివరి మూడు మూరల రాయి మిగిలి ఉండగా అవతలివాడి కేక ఇవతలివాడికి వినిపించడం, గొడ్డలికి ఎదురు గొడ్డలి తగలడం, నీళ్లు ఊట నుంచి కోనేటి దాకా 1200 మూరలు పారడం అందులో ఉన్నాయి. ఆ తర్వాత ఎవరో దాన్ని గోడ నుంచి పెళ్లగించి అమ్మబోయారు, రాయి ముక్కలైంది. ఒట్టోమాన్ అధికారులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది.

దొరికిన ఆ ఆరు పంక్తుల్లో హిజ్కియా పేరు లేదు. ఏ రాజు పేరూ లేదు, దేవుడి పేరూ లేదు. రాయి కొట్టినవాళ్లే ఉన్నారు. మన వైపు చెరువు శాసనాలు దీనికి పూర్తిగా భిన్నం. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువును వర్ణిస్తుంది. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలు, రాకూడని దోషాలు అందులో ఉన్నాయి. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అన్న లెక్క కూడా ఉంది. నిర్మాణ విద్య గురించి అంత వివరంగా చెప్పిన శాసనాలు తక్కువ. కానీ ఆ వెయ్యిమంది అందులో అంకె మాత్రమే. కట్టించినవాడి వంశం శ్లోకాల్లో ఉంది. సిలోయములో రాయి కొట్టినవాళ్ల కేక మిగిలి, కొట్టించినవాడు కనబడకుండా పోయాడు. బావులు తవ్వి, బండలు పగలగొట్టి బతికిన వడ్డెర కుటుంబాలు పడమటి మండలాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్ల తాతలు తవ్విన ఏ బావి దగ్గరా అలాంటి రాత ఒక్కటీ నా కంటపడలేదు.

సొరంగం హిజ్కియాదేనా అన్న వాదన ఇంకా సాగుతోంది. 2003లో గచ్చులో చిక్కుకున్న మొక్క అవశేషాలనూ, సున్నపు పేరుకనూ పరీక్షించి క్రీ.పూ. 700 ప్రాంతమని తేల్చారు. రోని రైక్, ఎలి షుక్రోన్ అనే తవ్వకందారులు అంతకంటే ముందే తవ్వి ఉంటారన్నారు. బైబిలు మాట, కాలనిర్ణయ పరీక్ష రెండూ ఒకే దిక్కు చూపుతున్నాయి కనుక హిజ్కియా వైపే మొగ్గు ఉందనుకోవచ్చు.

నలభై ఆరు ఊళ్లు

701లో సన్హెరీబు వచ్చాడు. ఆయన పట్టకం చెప్పే లెక్క: ప్రాకారాలున్న 46 పట్టణాలు, వాటి చుట్టూ లెక్కలేనన్ని పల్లెలు పట్టుకున్నాడు. 2,00,150 మందిని బయటికి తోలాడు. హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా మూసేశాడు. విజేత తన గురించి రాయించుకున్న అంకెల్లో అతిశయం ఉంటుంది, రెండు లక్షలు నమ్మడం కష్టం. పట్టణాల సంగతి వేరు. యూదా దిగువ కొండల్లో తవ్విన చాలాచోట్ల 701 నాటి బూడిద పొర కనిపిస్తుంది. ఆ ప్రాంతం చాలాకాలం కోలుకోలేదు. అటు యెరూషలేము మాత్రం ఆ శతాబ్దంలో ఎన్నో రెట్లు పెరిగింది. ఉత్తరాన షోమ్రోను కూలినప్పుడు వచ్చిన కాందిశీకులు, తర్వాత దిగువ కొండల నుంచి తరిమేసినవాళ్లు అక్కడ చేరారని మగేన్ బ్రోషి 1974లో ప్రతిపాదించాడు.

ఆ పట్టణాల్లో పెద్దది లాకీషు. దాని పతనాన్ని సన్హెరీబు నీనెవె నగరంలోని తన కోటలో ఒక గది గోడల నిండా చెక్కించుకున్నాడు. 1840లలో ఆస్టెన్ హెన్రీ లేయర్డ్ తవ్వి తీసిన ఆ శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ముట్టడి దిబ్బ మీదికి ఎక్కుతున్న యంత్రాలు, గోడ మీద నుంచి దివిటీలు విసురుతున్నవాళ్లు, శూలాలకు గుచ్చిన మనుషులు కనిపిస్తారు. ఎడ్లబండి మీద మూటలు, ఆ మూటల మీద పిల్లలు, పక్కన నడుస్తున్న ఆడవాళ్లు. చివర సింహాసనం మీద కూర్చుని కొల్లసొమ్మును చూస్తున్న చక్రవర్తి. యూదా మనుషులు ఎలా ఉండేవాళ్లో, ఏ బట్టలు కట్టేవాళ్లో ఆ కాలపు కళ్లతో చూపించే చిత్రాలివి, గీయించింది శత్రువు. అక్కడ మట్టీ రాయీ కుప్పపోసి కట్టిన ముట్టడి దిబ్బ నేటికీ నిలిచి ఉంది.

యెరూషలేము పడలేదు. ఎందుకు పడలేదన్నదానికి సమాధానాలు వేరువేరు. ఒక్క రాత్రిలో యెహోవా దూత 1,85,000 మందిని హతం చేశాడని బైబిలు కథనం. ఈజిప్టు మీదికి వచ్చిన సన్హెరీబు సేన వింటినారులను ఎలుకలు కొరికేశాయని హెరొడోటసు విన్న కథ. కూషు దేశపు తిర్హాకా సేనలు వస్తున్నాయన్న వార్త బైబిల్లోనే ఉంది. అష్షూరు పట్టకం మాత్రం నగరం పడిందని చెప్పదు, కప్పం వచ్చిందని చెబుతుంది: 30 తలాంతుల బంగారం, 800 తలాంతుల వెండి. రాజుల గ్రంథం కూడా కప్పాన్ని ఒప్పుకుంటుంది. బంగారం అదే 30, వెండి 300. ఆలయం తలుపులకు తాను పొదిగించిన బంగారాన్ని తానే ఒలిపించి ఇచ్చాడని కూడా రాసింది. శత్రువు రికార్డూ భక్తుల గ్రంథమూ బంగారం తూకం దగ్గర ఒక్కమాట మీద నిలవడం చరిత్రకారులకు అరుదైన భాగ్యం.

గోడ కింద మాట

ముట్టడి కథలో అన్నిటికంటే సజీవమైనది రబ్షాకే ఘట్టం. అష్షూరు అధికారి గోడ కింద నిలబడి యూదా జనం మాట్లాడే భాషలోనే గట్టిగా బెదిరిస్తాడు. హిజ్కియా మనుషులు ఎల్యాకీము, షెబ్నా, యోవాహు బయటికి వచ్చి, మాకు అరామిక్ తెలుసు, ఆ భాషలో మాట్లాడండి, గోడ మీదివాళ్లకు వినబడేలా వద్దు అని బతిమాలుతారు. ఆయన ఒప్పుకోడు. వాళ్లకు వినిపించాలనే వచ్చానంటాడు. కుప్పం సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై అరవంలోకి దూకి కన్నడంలో తెగడం చూసినవాళ్లకు ఈ గడుసుదనం ఇట్టే అర్థమవుతుంది. మూడు రాష్ట్రాల కూడలిలో ఎవరికి ఏ భాష వినబడాలో, ఏది వినబడకూడదో పసిపిల్లలకు కూడా తెలుసు.

రబ్షాకే మాటల్లో ఒకటి రాజకీయంగా చాలా పదునైనది. మీరు నమ్ముకున్న దేవుడి ఉన్నత స్థలాలనూ బలిపీఠాలనూ తీసేసింది ఈ హిజ్కియాయే కదా అంటాడు. పరాయి సేనాధిపతి ఆ మాట గోడ మీది జనంతో అన్నాడంటే, ఊళ్లలో ఆ కసి ఉందని అతనికి తెలుసన్నమాట.

ఉన్నత స్థలాలు

బైబిలు రచయితలు హిజ్కియాను మెచ్చుకోవడానికి మొదటి కారణం ఈ సంస్కరణ. ఊరూరా ఉన్న పూజాస్థలాలను తీయించి ఆరాధనను యెరూషలేముకు చేర్చాడు. మోషే చేయించాడని నమ్మిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేస్తుంటే దాన్నీ ముక్కలు చేయించాడు. తవ్వకాల్లో కొంత జాడ దొరికింది. బెయేర్షెబాలో కొమ్ముల బలిపీఠం రాళ్లు ఒక కొట్టు గోడలో కలిసిపోయి కనిపించాయి. లాకీషు ద్వారం దగ్గరి గుడిని అపవిత్రం చేసిన ఆనవాళ్లు 2016లో ప్రకటించారు. పస్కాకు దాను నుంచి బెయేర్షెబా దాకా దూతలు వెళ్లి పిలిస్తే, ఉత్తరాన చాలామంది ఎగతాళి చేశారని, కొద్దిమందే వచ్చారని దినవృత్తాంతములు దాచకుండా రాసింది.

కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర ఊరికి ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. అవి పూజలతో పాటు ఊరి కూడికలు, బంధువుల రాకలు, అప్పుల తీరుపులు. ఊరి పూజాస్థలం పోతే వాటిలో ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు. ఏకేశ్వర విశ్వాసం రూపుదిద్దుకోవడంలో ఆ సంస్కరణ పెద్ద మలుపు అన్నది నిజం. దాన్ని దైవశాస్త్రంగా మాత్రమే చదివితే మాత్రం ఆ ఊళ్లవాళ్ల సగం కథ పోతుంది. గుడి పోయింది, గాదె కొట్టుకు పోయింది, చివరికి ఊరే పోయింది. మూడూ ఒకే పాలనలో పోయాయి.

జబ్బు, పదిహేనేళ్లు

తెలుగు సంఘాల్లో హిజ్కియా పేరెత్తితే ముందు గుర్తొచ్చేది ఇదే. మరణకరమైన జబ్బు చేస్తుంది. ఇల్లు చక్కబెట్టుకోమని యెషయా చెప్పి వెళ్తాడు. రాజు గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తాడు. ప్రవక్త నడిమి ప్రాకారం దాటకముందే మాట మారుతుంది, పదిహేనేళ్లు కలుస్తాయి. గుర్తుగా ఆహాజు ఎండ గడియారం మీద నీడ పది మెట్లు వెనక్కి నడుస్తుంది. జబ్బుపడ్డ ఇంటికి ప్రార్థనకు వెళ్లిన పాస్టరు ఈ భాగం తెరవకుండా రావడం అరుదు.

ఈ కథలో పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించినవాడు ప్రవక్త యెషయాయే. ప్రార్థనా వైద్యమూ పక్కపక్కనే ఉన్న ఈ తీరుకు మదనపల్లెలో పెద్ద చరిత్ర ఉంది. అమెరికా రిఫార్మ్‌డ్ సంఘపు ఆర్కాటు మిషన్ తరఫున జేకబ్ చాంబర్లెయిన్ 1863లో ఇక్కడికి వచ్చారు. వైద్యం కూడా చదివిన బోధకుడు. మందుల పెట్టె, సువార్త రెండూ ఒకే బండిలో తిరిగాయి. తర్వాత స్త్రీల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. 1915 నుంచి పట్టణం పక్కన పలు మిషన్లు కలిసి నడిపిన క్షయ చికిత్సాలయం పనిచేసింది. ఆరోగ్యవరం అని పేరుపడిన ఆ చోటుకు పొడి గాలి కోసం దక్షిణాది అంతటి నుంచీ రోగులు వచ్చేవారు. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధిపతి. మందు లేని ఆ కాలంలో చికిత్స అంటే విశ్రాంతి, తిండి, గాలి, ఓర్పు. స్వతంత్ర భారతంలో బి.సి.జి. టీకా మొదలైంది కూడా 1948లో మదనపల్లెలోనే. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి సంగతి ఈ ఊరికి మరీ బాగా తెలుసు.

మనష్షే గద్దెనెక్కేనాటికి పన్నెండేళ్లవాడు. అంటే కలిసొచ్చిన పదిహేనేళ్లలో పుట్టినవాడు. తండ్రి తీసేసిన ఉన్నత స్థలాలను మళ్లీ కట్టించి 55 ఏళ్లు ఏలాడు. రాజు ఆయుష్షు అడక్కుండా ఉంటే ఇంత చెడ్డ కొడుకు పుట్టేవాడు కాదని కొందరు ప్రసంగీకులు అంటారు. చావు దగ్గర ఉన్నవాడు బతకాలనుకోవడాన్ని తప్పుపట్టే ఆ వ్యాఖ్య నాకు మింగుడుపడదు. పైగా అదే మనష్షే కాలంలో అష్షూరుతో సంధి నిలిచి, పాడుబడ్డ పల్లెల్లో కొన్ని మళ్లీ లేచాయని తవ్వకాలు సూచిస్తున్నాయి.

బబులోను దూతలు

జబ్బు తగ్గిన వార్త విని బబులోను రాజు బెరోదక్బలదాను కానుకలతో దూతలను పంపాడు. హిజ్కియా వాళ్లకు తన ఖజానా, ఆయుధశాల, కొట్లు అన్నీ తిప్పి చూపించాడు. ఆ రాజు 703 తర్వాత బబులోనులో లేడు కనుక ఈ రాకపోకలు ముట్టడికి ముందే, అష్షూరు మీద కూటమి కట్టే మంతనాల్లో భాగంగా జరిగి ఉండాలి. కథ వరస గ్రంథంలో అటుదిటు అయింది. ఇదంతా ఒకనాడు బబులోనుకు మోసుకుపోతారు, నీ కొడుకుల్లో కొందరు అక్కడి నగరులో ఊడిగం చేస్తారు అని యెషయా చెప్పాడు. హిజ్కియా దానికి మంచిదే అన్నాడు. నా రోజుల్లో సమాధానం ఉంటే చాలుననుకున్నాడు.

రాజుల గ్రంథాల్లో ఇంత చల్లని స్వార్థం ఇంకోచోట ఉందో లేదో చెప్పలేను. యెరూషలేములోని మోరియా కొండ నీడలో అయినా, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ నీడలో అయినా, నా కాలం గడిస్తే చాలనుకునే పాలకుడి మాట ఒకేలా వినిపిస్తుంది. వెయ్యి అడుగుల లోతున బోరు దించి, టమోటా పంట తీసి, ఆ ఏడు ధర వస్తే చాలనుకునే మన లెక్క కూడా దానికి దూరం కాదు.

తెలుగులోకి

సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో మద్రాసులో అచ్చయింది. దాన్ని సవరించే సంఘానికి చాంబర్లెయిన్ రెండు దశాబ్దాల పాటు అధ్యక్షులు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. హిజ్కియా తెలుగులో మాట్లాడిన మాటల మీద ఈ ఊరి నీడ ఉందనడం అతిశయం కాదు. ఆ బైబిలు చదువు దళిత వాడల్లోకి, పల్లె బడుల్లోకి వెళ్లింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆర్కాటు మిషన్ సంఘాలు దానిలో కలిశాయి. ఈ మధ్య దశాబ్దాల్లో పెరిగిన స్వతంత్ర సంఘాల్లోనూ, ఉపవాస కూటాల్లోనూ, ఫోను తెర మీది ప్రసంగాల్లోనూ హిజ్కియా అంటే జబ్బు, కన్నీరు, పదిహేనేళ్లు. ముట్టడి కథ అప్పుడప్పుడు వస్తుంది. సొరంగం ఇంకా తక్కువ. కప్పం దాదాపు రాదు.

కుప్పానికి ఇశ్రాయేలుతో ఇంకో రకం పరిచయం కూడా ఉంది. 1990ల చివర రాష్ట్ర ప్రభుత్వం ఇజ్రాయెల్ సాంకేతిక సాయంతో అక్కడ ప్రదర్శన క్షేత్రం నడిపింది. చిన్న కమతాలను ఒక్కటిగా కలిపి, బిందు సేద్యం పెట్టి, ఎగుమతి కూరగాయలు పండించారు. డ్రిప్పు పరికరాలకు పేరుమోసిన నెటాఫిమ్ సంస్థ 1965లో పుట్టింది బెయేర్షెబా పక్కనున్న హట్సెరిమ్ కిబుట్జ్‌లో. క్షేత్రం మీద పొగడ్తా వచ్చింది, గట్లు చెరిపిన రైతుకు ఏం మిగిలిందన్న విమర్శా వచ్చింది. డ్రిప్పు గొట్టం మాత్రం ఈ ప్రాంతపు తోటల్లో స్థిరపడింది. హంద్రీ–నీవా పథకం కింద శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల మీదుగా వందల కిలోమీటర్లు నడిచి వచ్చాయి. 2025 ఆగస్టులో కుప్పం ప్రాంతపు చెరువుల్లో ఆ నీళ్లకు ప్రభుత్వం జలహారతి పట్టింది. ప్రధాన కాలువ దాటి కొస చెరువు మొరవ పారిందా లేదా అన్నదే ఇక్కడి రైతు అడిగే ప్రశ్న. హిజ్కియాను అడగవలసిందీ అదే.

పాఠకులకు ఒక సూచన. హిజ్కియా కథను చాలామంది యెషయా 36వ అధ్యాయంలో చదువుతారు. అక్కడ సన్హెరీబు పట్టణాలను పట్టుకోవడం ఒక్క వచనంలో అయిపోయి, వెంటనే రబ్షాకే వచ్చేస్తాడు. రాజులు రెండవ గ్రంథం 18వ అధ్యాయంలో ఆ రెంటికీ నడుమ 14 నుంచి 16 వరకు మూడు వచనాలున్నాయి. తప్పు నాదే, ఎంత అడిగితే అంత ఇస్తానని రాజు లాకీషుకు కబురు పంపడం, ఆలయం తలుపుల బంగారం ఒలిపించడం వాటిలోనే ఉన్నాయి. యెషయాలో అవి లేవు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని ఆ మూడు వచనాలు కూడా చదవండి.